నీడ పెరట్లో హనీసకిల్: గోడ దాటిపోని తీగను ఎంచుకోవడం ఎలా

తిరుపతిలో ఇప్పుడు కట్టే ఇళ్లకు పెరడంటే ఇంటికీ కాంపౌండ్ గోడకీ మధ్య మిగిలిన నాలుగైదు అడుగుల సందే. పక్కింటివాళ్లు రెండంతస్తులు లేపారంటే ఆ సందులోకి పొద్దున ఒక గంట ఎండ వస్తే వచ్చినట్టు. ఆ గోడ మీదికి వాసనొచ్చే తీగ ఒకటి ఎక్కిద్దామని నర్సరీకి పోతే, 'హనీసకిల్ తీసుకోండి మేడం, నీడలో కూడా బాగా వస్తుంది' అంటారు. ఆ మాట సగమే నిజం. ఆ పేరుతో మన అంగళ్లలో మూడు వేరువేరు మొక్కలు అమ్ముడుపోతున్నాయి. ఒకటి నీడను ఓర్చుకుంటుంది, ఒకటి ఓర్చుకోదు, ఇంకొకటి నీడలో బతుకుతుంది గాని పూయదు.

పైగా హనీసకిల్ అనగానే, అమెరికాలో పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు. అక్కడ దానికి అడవుల్ని కమ్మేసే తీగ అని పేరు. కొన్ని రాష్ట్రాల్లో అమ్మనివ్వరు కూడా. వాళ్లు భయపడే హనీసకిల్ ఏది, మనకు నర్సరీలో ఇచ్చేది ఏది, మన సందులో అది ఒద్దికగా ఉంటుందా లేదా, ఇవన్నీ తేలాకే డబ్బులు తీయండి.

1. ముందు నీడను కొలవండి

మొక్క కొనేముందు చేయాల్సిన పని ఇదే. దాదాపు ఎవరూ చేయరు.

'మా ఉత్తరం సందులో అసలు ఎండే రాదు' అని చాలామంది గట్టిగా చెప్తారు. డిసెంబరులో అది నిజమే. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉంటాడు కాబట్టి 10 అడుగుల గోడ ఉత్తరం వైపు దాదాపు 7.5 అడుగుల నీడ వేస్తుంది. నాలుగడుగుల సందు మొత్తం ఆ నీడలోనే మునిగిపోతుంది. కానీ ఏప్రిల్ ఆఖరి వారానికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కణ్నుంచి ఆగస్టు మూడో వారం దాకా మధ్యాహ్నాలు మనకు ఉత్తరంగానే ఉంటాడు. అంటే ఏడాదంతా నీడగా ఉండే ఉత్తరం గోడకు, కర్తరి ఎండలు నిప్పులు కురిసే మే నెలలోనే నేరుగా ఎండ తగులుతుంది. పొద్దున ఈశాన్యం నుంచి, సాయంత్రం వాయవ్యం నుంచి కూడా పడుతుంది. చలికాలంలో సందును చూసి నీడ మొక్క పెట్టినవాళ్లకు అది మేలో ఎందుకు మాడిందో అంతుపట్టదు. కారణం ఇదే.

అందుకని ఒక ఆదివారం పొద్దున 7 నుంచి సాయంత్రం 5 దాకా గంటకోసారి ఒకే చోట నిలబడి ఫోన్‌లో ఫొటో తీయండి. ఇది జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి చేస్తే ఏడాది లెక్క మీ చేతికి వచ్చినట్టే. అంత ఓపిక లేకపోతే మే నెల ఒక్కటి చాలు, మొక్కను చంపేది ఆ నెలే కాబట్టి. ఫొటోలు చూసుకుని మీ సందు ఈ మూడింటిలో ఏదో తేల్చుకోండి: నాలుగు గంటలు, అంతకన్నా ఎక్కువ నేరుగా ఎండ పడే చోటు; రెండు మూడు గంటల ఎండ, లేదా చెట్టు ఆకుల్లోంచి జల్లుగా వెలుతురు పడే చోటు; ఎండ అసలు రాని చోటు. మూడోదైతే, పట్టపగలు లైటు వేయకుండా అక్కడ కూర్చుని పేపరు చదవగలరేమో చూడండి. చదవలేకపోతే పూలతీగ ఆశ వదులుకోండి.

నీడ ఎవరిదో కూడా చూడాలి. గోడ నీడ తడిని పట్టి ఉంచుతుంది. మామిడిచెట్టు నీడ అలా కాదు. మీరు పోసిన నీళ్లు మీ తీగ కన్నా ముందు మామిడి వేళ్లే తాగేస్తాయి. చెట్టు కింద ఏ తీగైనా నేలలో కన్నా తొట్టిలోనే నయం. తొట్టి కింద రెండు ఇటుకలు పెట్టకపోతే చెట్టు వేళ్లు అడుగు చిల్లుల్లోంచి లోపలికి కూడా దూరతాయి.

ఇంకొకటి, సందుల్లో ఏసీ ఔట్‌డోర్ యూనిట్లు ఉంటాయి కదా. దాని వేడిగాలి ఎదురుగా తగిలే చోట ఏ తీగా పెట్టొద్దు. నీడే కదా అనుకుంటాం గాని, రాత్రంతా ఆ గాలి ఆకుని ఎండబెడుతుంది.

2. నర్సరీలో పేరు నమ్మకండి, ఆకు చూడండి

మన నర్సరీలకు చాలా మొక్కలు కడియం నుంచి లారీల్లో దిగుతాయి. మొక్క సరిగ్గానే వస్తుంది, పేరు మాత్రం దారిలో ఎక్కడో మారుతుంది. అక్కడి కుర్రాళ్లను తప్పుపట్టి లాభం లేదు. మొక్కను మీరే గుర్తుపట్టడం నేర్చుకోండి.

హనీసకిల్ అని ఎక్కువగా చేతిలో పెట్టేది మన రాధామనోహరమే. హిందీవాళ్ల మధుమాలతి, ఇంగ్లీషువాళ్ల రంగూన్ క్రీపర్, కొన్నిచోట్ల చైనీస్ హనీసకిల్. పాత పుస్తకాల్లో క్విస్క్వాలిస్ ఇండికా, ఇప్పుడు కాంబ్రెటమ్ ఇండికమ్. అసలు హనీసకిల్‌కీ దీనికీ చుట్టరికమే లేదు. పువ్వు సాయంత్రం తెల్లగా విచ్చుకుంటుంది, మర్నాటికి గులాబీ రంగుకొస్తుంది, ఆపైన ఎర్రబడుతుంది. అందుకే వేలాడే ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. పువ్వు కింద సన్నటి కాడలాంటి గొట్టం రెండు మూడు అంగుళాలు ఉంటుంది. పూలు లేనప్పుడు ముదురు తీగను వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా జరపండి. ముల్లులా ఏదో గుచ్చుకుంటుంది. అది నిజంగా ముల్లు కాదు. ఆకు రాలిపోయాక తొడిమ మొదలు గట్టిపడి కొక్కెంలా మిగిలిపోతుంది. తీగ దాన్నే తగిలించుకుంటూ పైకి పోతుంది. ఈ కొక్కెం చేతికి తగిలిందంటే అది రాధామనోహరమే, ఇక సందేహం అక్కర్లేదు.

రెండోది కేప్ హనీసకిల్. ఒక్కో ఈనెకు అటూ ఇటూ చిన్న ఆకులు, మొత్తం ఐదు నుంచి తొమ్మిది, అంచులకు రంపపు పళ్లు. పూలు నారింజ రంగు బాకాలు. దక్షిణాఫ్రికా మొక్క. ఎండ కావాలి. నీడ సందుకు ఎవరైనా దీన్ని అంటగడితే తీసుకోకండి.

మూడోదే అసలైన హనీసకిల్, లోనిసెరా జాతి. మన దగ్గర దొరికేది దాదాపు ఎప్పుడూ జపాన్ హనీసకిల్, అంటే లోనిసెరా జపానికా. దీని ఆకులు కూడా రాధామనోహరంలాగే ఎదురెదురుగా జతలుగా ఉంటాయి కాబట్టి అది చూసి తేల్చలేం. పువ్వును చూడాలి. గుత్తులు వేలాడవు. ఆకు మొదట్లో రెండేసి పూలు జంటగా పూస్తాయి. ఒక్కో పువ్వు రెండు పెదవులుగా చీలి ఉంటుంది: ఒకవైపు నాలుగు నొక్కులున్న వెడల్పు పెదవి, రెండోవైపు నాలుకలా ఒకటే సన్నటి రేక వెనక్కి వంగి. విచ్చినప్పుడు తెలుపు, ఒకటి రెండు రోజుల్లో పసుపు. ఎరుపు అనేది ఉండదు. సాయంత్రమయ్యేసరికి వాసన గుప్పుమంటుంది. పండిన కాయలు మిరియం కన్నా కాస్త పెద్దవి, నల్లగా నిగనిగలాడతాయి. లేత తీగను గోటితో గీరితే నూగు తెలుస్తుంది, ముదురు తీగ బెరడు పొరలుగా ఊడుతుంది.

పూలు లేని కవరు మొక్క ఎంత నచ్చినా పూత వచ్చేదాకా ఆగండి. అప్పుడు మళ్లీ వెళ్లి తెచ్చుకోవచ్చు.

3. గోడ దాటే గుణం ఉందేమో పరీక్షించండి

జపాన్ హనీసకిల్ 1806లో అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌కి తోట మొక్కగా చేరింది. దాదాపు ఆ రోజుల్లోనే కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి లంటానా వచ్చింది, అదీ పూల అందం కోసమే. ఆ లంటానా ఇవాళ ఎక్కడుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన శేషాచలం కొండల్లో, ఎర్రచందనం చెట్ల కింద చాలాచోట్ల అదే కంప. కింద మొలిచే లేత మొక్కలకు వెలుతురు అందనివ్వదు. అమెరికా అడవుల్లో జపాన్ హనీసకిల్ చేస్తున్నదీ అదే పని. చిన్న చెట్లను చుట్టుకుని, పైన కప్పేసి, కిందివాటి నోట్లో ఎండ పడకుండా చేస్తుంది. మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ లాంటి చోట్ల అమ్మకం నిషేధించింది అందుకే.

తిరుపతి ఎండకు అది అంతగా చెలరేగదు. దానికి తేమ, చల్లదనం కావాలి. కానీ పలమనేరు, కుప్పం వైపు, హార్స్‌లీ కొండల వైపు వాతావరణం వేరు. అక్కడివాళ్లు నేలలో నాటకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఊరు ఏదైనా సరే, ఇంటి వెనక గోడ దాటితే కొండ మొదలయ్యేవాళ్లు, అంటే అలిపిరి, కపిలతీర్థం వైపువాళ్లు, అలాగే స్వర్ణముఖి ఒడ్డునో చిత్తూరులో నీవా నది పక్కనో ఉన్నవాళ్లు మామూలు కన్నా ఒక మెట్టు ఎక్కువ జాగ్రత్తపడాలి.

ఏ తీగ ముందు నిలబడినా మూడు ప్రశ్నలు వేసుకోండి. కాయ కాస్తే పిట్టలు తింటాయా? పిగిలిపిట్ట ఒక్కటి చాలు, కాయ మీ గోడ మీద తిని గింజ కొండ మీద వేసి వస్తుంది. నేలకు తగిలిన కణుపు వేరు వేస్తుందా? దీన్ని నర్సరీలోనే చూడొచ్చు. ఆ మొక్క కవరు పైకెత్తండి, దాని తీగ ఒకటి పక్క కవరులోకో నేలలోకో వేరు దిగి పట్టి లాగుతుంటే జవాబు దొరికినట్టే. మూడోది, మొదలుకు దూరంగా పిలకలు లేస్తాయా?

జపాన్ హనీసకిల్‌కి మొదటి రెంటికీ జవాబు 'అవును'. కేప్ హనీసకిల్ కణుపు వేళ్లు కూడా వేస్తుంది, పిలకలూ పెడుతుంది. రాధామనోహరం కాయకు ఐదు రెక్కలుంటాయి, పిట్టలకు దాని మీద మోజు లేదు. దాని పెంకితనమంతా పిలకల్లోనే. అంటే అది మెల్లగా మీ పక్కింటికి పోతుంది గాని కొండ ఎక్కదు. మూడింటిలో నా ఓటు దానికే, ఎండ చాలితే.

నీడలో హాయిగా పెరుగుతాయని ఇచ్చే మరి మూడింటి గురించి కూడా చెప్పాలి. నీలిపూల థన్‌బెర్జియా గ్రాండిఫ్లోరా చూడ్డానికి చాలా బాగుంటుంది. నేలలో గడ్డ వేరు పెడుతుంది, తవ్వినా మళ్లీ లేస్తుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో దాన్ని వదిలించుకోలేక తంటాలు పడుతున్నారు. పసుపు పూల వెడెలియాను తీగ కింద నేల కప్పడానికి వేయమంటారు. అది ప్రపంచంలోని 100 మొండి ఆక్రమణ జీవుల జాబితాలో లంటానా పక్కనే ఉంది. మనీప్లాంటు ఇంట్లో సీసాలో ఉన్నంతవరకు సాధువే. నేలలో దింపి చెట్టెక్కించారంటే అరచేతి ఆకు చేటంత అవుతుంది.

4. మీ వెలుతురుకు తగ్గది ఎంచుకోండి

నాలుగు గంటల ఎండ ఉంటే రాధామనోహరం. ముద్దపూల రకం అడగండి, రేకలు ఎక్కువ, చూపుకి నిండుగా ఉంటుంది. అంత పెద్ద తీగ వద్దనుకుంటే విరజాజి. మన దక్షిణాది సొంత తీగ, మాలకు మాల, వాసనకు వాసన.

రెండు మూడు గంటలే అయితే ఆలోచించాలి. అసలు హనీసకిలే కావాలని మనసు పడితే ఈ వెలుతురులో పెట్టుకోవచ్చు, తొట్టిలో మాత్రమే. చిత్తూరు, పలమనేరువాళ్లకైతే దాని కన్నా మంచిది ఒకటుంది: థన్‌బెర్జియా మైసూరెన్సిస్. పైన వద్దన్న నీలిపూల దానికి ఇది వరసకు చెల్లెలు గాని గుణం వేరు. పశ్చిమ కనుమల మొక్క. పందిరి ఎక్కించారంటే పసుపు, మెరూన్ రంగు పూల జడలు కిందికి వేలాడతాయి, తేనెపిట్టలు తలకిందులుగా వేలాడి మరీ తాగుతాయి. దీనికి ఎత్తయిన పందిరి ఉండాలి. గోడకు పాకిస్తే ఆ అందం సగం పోతుంది. తిరుపతి వేడిలో వేసవి మూడు నెలలూ దీనికి తడి తప్పకూడదు. అంత చూసుకోలేనివాళ్లకు బ్లీడింగ్ హార్ట్ అని అమ్మే క్లెరోడెండ్రమ్ థామ్సొనే నయం. తెల్లటి బుడ్డ లోంచి ఎర్రటి పువ్వు తొంగిచూస్తుంది. వాసన ఉండదు, కానీ నీడలో ఇంత నమ్మకంగా పూసే తీగలు తక్కువ. వాసనే కావాలంటే అడవిమల్లె దొరుకుతుందేమో చూడండి. చెట్ల నీడకు అలవాటుపడ్డ మల్లె అది.

నేరుగా ఎండ అసలు లేని సందుకు హోయా. ఆకు దళసరిగా, మైనం పూసినట్టు ఉంటుంది. పూలు చిన్న చిన్న నక్షత్రాల బంతి. రాత్రి పూట వాసన. నిదానంగా పెరుగుతుంది, ఎక్కడికీ పారిపోదు. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి: పూలు రాలాక మిగిలే పొట్టి కాడను తుంచకూడదు. మళ్లీ పూత వచ్చేది ఆ కాడ కొసనే. శుభ్రంగా ఉండాలని దాన్ని కత్తిరించేవాళ్లు 'ఒకసారి పూసి మానేసింది' అని వాపోతుంటారు.

పూలు లేకపోయినా పర్లేదు, గోడ పచ్చగా ఉంటే చాలనుకునేవాళ్లు తమలపాకు పెట్టుకోండి. నీడ, తడి దానికి పుట్టినిల్లు. శ్రావణ శుక్రవారాలకు ఆకు కొనే పని కూడా తప్పుతుంది.

నీలగిరుల షోలా అడవుల్లో మన దక్షిణాదికే చెందిన లోనిసెరా తీగలున్నాయి. అవి ఆ చలికి పుట్టినవి. ఎవరైనా ఊటీ నుంచి కొమ్మ తెస్తామంటే సున్నితంగా వద్దనండి.

పిల్లలు అమెరికాలో ఉంటే

డల్లస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల ఇంటి వెనక చెట్ల నీడలో తీగ పెడదామని మీరు ఉత్సాహపడితే, అక్కడి సొంత మొక్క లోనిసెరా సెంపర్‌వైరెన్స్ కొనమనండి. ట్రంపెట్ హనీసకిల్ అంటారు. గుర్తుపట్టడం తేలిక: పూలగుత్తికి సరిగ్గా కింద ఉన్న ఆకుల జత రెండూ అంటుకుపోయి ఒకే పళ్లెంలా ఉంటుంది, కాడ దాని నడిమధ్య నుంచి గుచ్చుకుని వచ్చినట్టు కనిపిస్తుంది. జపాన్ దానికి ఆకులు చివరిదాకా విడివిడిగానే ఉంటాయి. ట్రంపెట్ పూలు ఎర్రటి గొట్టాలు, కాయలు కూడా ఎరుపే. వాసన ఉండదు, అది ఒప్పుకోవాలి. సగం నీడలో బతుకుతుంది గాని పూత తగ్గుతుంది. ఇంకా చిక్కటి నీడైతే డయర్‌విల్లా లోనిసెరా అనే పొద మేలు. పేరులో హనీసకిల్ ఉన్నా తీగ కాదు, తూర్పు అమెరికా అడవి మొక్కే.

అక్కడి పెరట్లో ముందే ఒక హనీసకిల్ పొద ఉంటే, ముదురు కొమ్మ ఒకటి అడ్డంగా కోసి చూడమనండి. మధ్యలో బోలుగా ఉంటే అది ఆసియా నుంచి వచ్చిన ఆక్రమణ రకం, వేళ్లతో సహా తీసేయొచ్చు. బోలు లేకుండా తెల్లటి గుజ్జు నిండి ఉంటే దేశవాళీ.

అక్కణ్నుంచి కొమ్మగానీ గింజగానీ సూట్‌కేసులో వేసుకుని రాకండి. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం దిగుమతి అనుమతి, మొక్కకు చీడపీడలు లేవని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ రెండూ ఉండాలి.

5. నాటడం

నాటడానికి ఆగస్టు, సెప్టెంబరు నెలలు మంచివి. మన జిల్లాలకు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడతాయి కాబట్టి ఆలోగా వేరు పట్టుకుంటే ఆ వానంతా మొక్కకు కలిసొస్తుంది. మార్చి తర్వాత మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా నాటొద్దు.

సందులో నేలా, తొట్టా అంటే నేను తొట్టే అంటాను. ఆ సందులోనే సంపు ఉంటుంది, సెప్టిక్ ట్యాంకు ఉంటుంది, డ్రైనేజీ పైపు పోతుంది. పైగా ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్లలు, కంకర అంతా అక్కడే పూడ్చి ఉంటారు. ఆ సున్నం వల్ల మొక్క ఎప్పుడూ పసుపుపచ్చగానే ఉంటుంది. నేలలోనే పెట్టాలంటే అడుగున్నర లోతు, అంతే వెడల్పు గుంట తీసి పాత మన్ను మొత్తం బయట పారబోసి కొత్త మన్ను నింపండి. గోడకు కనీసం అడుగు దూరం ఉంచండి.

తొట్టికి 20 లీటర్ల పెయింట్ బకెట్ సరిగ్గా సరిపోతుంది. అడుగున ఐదారు చిల్లులు పెట్టండి. రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి. హోయాకు మాత్రం ఈ లెక్క కాదు. దానికి మన్ను తగ్గించి కొబ్బరి పీచు ముక్కలు, బొగ్గు ముక్కలు ఎక్కువ వేయాలి, బకెట్ కూడా చిన్నది చాలు.

హనీసకిల్ చుట్టుకునే తీగ. లావుపాటి స్తంభం ఇస్తే పట్టు దొరక్క జారిపోతుంది. గోడకు రెండు మూడంగుళాలు ఎడంగా జీఐ తీగలు, అంటే తుప్పు పట్టకుండా పూత వేసిన ఇనుప తీగలు, నిలువుగా లాగండి, లేదా సన్నటి సరుగుడు కట్టెలు పాతండి. కొస ఎటు తిరుగుతోందో చూసి అటే చుట్టండి. ఎదురు చుట్టితే రెండ్రోజుల్లో విప్పుకుని మళ్లీ తన దారిన తాను పోతుంది. తొట్టి నీడలోనే ఉంచి, కొసను మాత్రం వెలుతురు ఉన్న వైపుకు, వీలైతే పిట్టగోడ మీదుగా మిద్దె పైకి పోనివ్వండి. ఈ ఒక్క ఏర్పాటుతో చీకటి సందులు కూడా పూతకొస్తాయి. మొదట్లో చల్లదనం, కొసన ఎండ, హనీసకిల్‌కి కావాల్సింది అదే.

తొట్టి పైన వేరుశనగ తొక్కలు రెండంగుళాల మందాన పరచండి. మన వైపు వాటికి కొదవ లేదు.

6. నీళ్లు, వేసవి, పసుపు ఆకులు

నీడలో మొక్క చచ్చేది ఎండి కాదు, ఎక్కువగా కుళ్లి. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో దించి, తడి తగలకపోతేనే నీళ్లు పోయండి. మే 4 నుంచి ఆ నెలాఖరు దాకా నడిచే కర్తరిలో మాత్రం రోజూ సాయంత్రం చూడాలి. ఎండ తగిలే తొట్టిని ఆ రోజులన్నీ లోపలికి జరపండి. తొట్టి కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి. డెంగీ దోమకు నీడలో నిలిచిన శుభ్రమైన నీళ్లే ఇష్టం.

బోరు నీళ్లలో సున్నం ఎక్కువున్న చోట లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది ఇనుము అందకపోవడం. వేరుశనగ రైతులు చేసే మందే దీనికీ: లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ. వారం తర్వాత ఇంకోసారి. వానాకాలంలో మేడ మీది నీళ్లు ఒక డ్రమ్ములో పట్టుకుంటే ఈ బాధే తగ్గుతుంది.

కొసల్లో పేనుబంక కనిపిస్తే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు. పూత మీద ఉన్నప్పుడు కొట్టకండి, తేనెపిట్టలు వస్తుంటాయి. ఆకు మీద బూడిద పరుచుకుంటే మందు కన్నా ముందు గుబురును పలచన చేయండి.

హనీసకిల్ పువ్వు మొదట్లో తేనె చుక్క పిల్లలు చీకుతారు, దాంతో ఇబ్బంది లేదు. కాయలు మాత్రం నోట్లో పెట్టుకోనివ్వకండి, వాంతులవుతాయి.

7. కత్తెర, చెత్త

సంక్రాంతి వెళ్లాక రాధామనోహరాన్ని, హనీసకిల్‌ను మూడో వంతు కోసేయండి. రెండూ కొత్త చిగురు మీదే పూస్తాయి కాబట్టి భయపడక్కర్లేదు. నేల నుంచి అడుగున్నర ఎత్తు వరకు ఆకూ అల్లికా లేకుండా ఏడాదంతా శుభ్రంగా ఉంచండి. కొండ కింద కాలనీల్లో పాములు చల్లదనం కోసం ఇలాంటి గుబుర్లే వెతుక్కుంటాయి. కోతుల సంగతి మాత్రం నా చేతుల్లో లేదు. అవి తీగను ఊయల చేసుకుంటే జీఐ తీగ కాస్త మందంది వాడటం తప్ప మార్గం లేదు.

నెలకోసారి తొట్టి చుట్టూ నేల చూడండి. కిందికి పాకిన తీగ వేరు వేసి ఉంటే కణుపుతో సహా పీకేయాలి. పైకి మాత్రమే కోస్తే అక్కడే రెండు చిగుళ్లు లేస్తాయి. హనీసకిల్ పూత అయ్యాక పచ్చి కాయలు కనిపిస్తే నల్లబడకముందే తుంచేయండి. తొట్టిలో ఉన్న చిన్న తీగకు ఇది పావుగంట పని.

కోసిన తీగను వెనక గోడ మీదుగా కొండవైపో కాలువలోకో విసరడం మన ఊళ్లో మామూలే. హనీసకిల్ ముక్క, కేప్ హనీసకిల్ ముక్క తడి తగిలితే అక్కడే మొక్కైపోతుంది. మిద్దె మీద నాలుగైదు రోజులు ఎండలో పరచండి, చేత్తో విరిస్తే పుటుక్కుమనాలి. అప్పుడు ఎరువు గుంటలో వేసుకోవచ్చు.

పూత చూసి పక్కింటివాళ్లు కొమ్మ అడుగుతారు. హోయా, తమలపాకు, విరజాజి అయితే నిరభ్యంతరంగా ఇవ్వండి. రాధామనోహరం ఇచ్చేటప్పుడు పిలకల సంగతి ముందే చెప్పండి, వాళ్ల పిలక మీ వైపుకే వస్తుంది గనక. జపాన్ హనీసకిల్ అడిగినవాళ్లను మాత్రం, తొట్టిలో పెడతారా, నేలలోనా అని ముందు అడగండి.